ఏ పక్క నుంచి నాలుగు

రాళ్లదిన్నె స్టేషన్,
8-5-1955, ఆదివారం.

చెల్లెలు దౌలత్ బీకి,

నువ్వు కర్నూలు వెళ్లి నేటికి పదిహేను రోజులు. చేరినట్టు ఒక కార్డు రాశావు. అందులో మూడు తప్పులు. 'క్షేమం' అని రాయవలసిన చోట 'చేమం' అని రాశావు. చదివినవాళ్లు నువ్వక్కడ చేమదుంపలు తిని బతుకుతున్నావనుకుంటారు. నలభై ఏళ్లు దాటాక నీకు అక్షరాలు నేర్పిన దానిని కనుక చెప్పే హక్కు నాకుంది.

మదార్ బీ మంచం దిగకూడదని డాక్టరమ్మ చెప్పిందని రాశావు. ఏడో నెల. కాన్పయ్యేవరకు నువ్వు కూతురి దగ్గరే ఉండు. ఇంటి గురించి దిగులు పెట్టుకోకు. తాళం తాళంగానే ఉంది. నీ పొదుగుడు కోడిని గంపతో సహా మా ఇంటి గోడలోని చలిమంట గూట్లోకి మార్చాను. పన్నెండు గుడ్లకు తొమ్మిది పిల్లలు. ఇంత ఎండ కాసే ఊళ్లో చలి కాచుకోవడానికి ప్రతి ఇంటికీ ఒక పొయ్యి కట్టించిన ఆ దొర ఎవరో గాని, నీ కోళ్లకు మేలు చేసి పోయాడు.

ఒక మంచి వార్త. బండలు ఎక్కించే షెడ్డుకు లారీలు ఊరంతా చుట్టి పోతున్నాయని, మన బంగ్లాల లైనును చీల్చి అడ్డదారి వేస్తామని రైల్వే వాళ్లు అంటున్నారు కదా. పదకొండు ఇళ్లలో ఒకటి పోవాలి. ఏది అన్నది తేలక జనవరి నుంచి అందరికీ నిద్ర లేదు. తెల్లవాళ్లు ఉండగా కట్టిన ఇళ్లు. గుమ్మం పైన 1887 అని చెక్కిన రాళ్లు. చూరుకు అల్లిక పనిలాగా కోసిన చెక్కలు. ఏ ఇంటిని పొమ్మంటాం? అందుకని నేనే ఇంజనీరు ఆఫీసుకు అర్జీ రాశాను. "పై లైనులోని నాలుగో నంబరు ఇల్లు తొమ్మిదేళ్లుగా తాళం వేసి ఉన్నది. అందులో మనుషులు లేరు. కప్పు కూలినది. దారికి ఆ ఇల్లు తీసుకొన్నచో ఎవరికీ నష్టము లేదు." తాగుబోతు గార్డు దొర వదిలిపెట్టి పోయిన ఆ పాడు కొంప సంగతే. నాలుగే వాక్యాలు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ముందుగా ఎవరినీ అడగలేదు. అడిగితే పదకొండు ఇళ్లకు పదకొండు మాటలు. మొన్న జవాబు వచ్చింది: అర్జీ అంగీకరించడమైనది. ఇక అందరూ నిద్రపోవచ్చు.

నీ అక్క,
రామలక్ష్మమ్మ.

~

కర్నూలు, పాతబస్తీ,
17-5-1955.

అక్కకు దౌలత్ సలాం.

ఇక్కడ మేము క్షేమం. ఈ మాట నాలుగుసార్లు విడిగా రాసి చూసుకొని, తర్వాతే ఇందులో రాసినా.

ఉపవాసాల నెల, పైన ఈ ఎండ. తుంగభద్ర ఎండి రాళ్లు తేలింది. రాజధాని అయినప్పటి నుంచి ఈ ఊళ్లో మనిషి నిలబడే చోటుకు కూడా బాడిగ అడుగుతున్నారు. ఆఫీసులు డేరాల్లో నడుస్తాయంటే నేను నమ్మలేదు, కళ్లారా చూసినా. మా అల్లుడు లాల్ అహమ్మద్ ఒక డేరాలో కూర్చొని సర్కారు కాగితాలకు అట్టలు కుడతాడు. గాలి వస్తే సర్కారు ఎగిరిపోతుంది, వెంటపడి పట్టుకొస్తాడు. ఇంట్లో ఒకటే గది. మదార్ బీ మంచం వేస్తే మిగిలింది చాపంత. నేను, అల్లుడు, పొయ్యి ఆ చాపంతలోనే. అల్లుడి ఎదుట కాళ్లు చాపలేను. కాన్పయ్యాక మదార్ బీనీ పసిబిడ్డనూ మన ఇంటికి తెచ్చుకోవాలని నా ఆలోచన. ముందర గదిలో ఎంత గాలి, అక్కా. ఆ గది తలచుకొంటేనే నాకు ఊపిరి ఆడుతుంది.

నువ్వు అర్జీ రాసింది శానా మంచిది. ఒకటే అడుగుతా, కోప్పడవద్దు. ఏ పక్క నుంచి నాలుగు అని రాసినావు? తలుపుల మీద పంచాయతీ వాళ్లు వేసిన నంబరు స్టేషను పక్క నుంచి. రైల్వే కాగితాల్లో నంబరు మద్రాసు పక్క నుంచి. ఈరక్క తలుపు మీద మూడు, బాడిగ రసీదులో తొమ్మిది. నా తలుపు మీద ఎనిమిది, రసీదులో ఇరవై రెండేళ్లుగా నాలుగు. లైనులో అందరికీ రెండేసి నంబర్లు. నీకు తెలియనిదా? పిల్లోళ్లు నిన్ను ఊరికే లెక్కల జేజి అంటారా? ఆ గార్డు దొర పేరు కూడా కాగితంలో ఎక్కడో రాసే ఉంటావు. అయినా ఒక మాట చెప్పు.

ఆ ఇల్లు మా ఆయన ఇంజను నడిపి చచ్చిపోయినాక నాకు దయతలచి ఇచ్చింది. అది పోతే ఇంకొకటి ఇవ్వరు.

నీ చెల్లెలు,
దౌలత్.

~

రాళ్లదిన్నె స్టేషన్,
24-5-1955.

దౌలత్ బీకి,

పండుగ ఈ వారమే కదా. మీ అందరికీ నా ఆశీస్సులు. ఈసారి 'క్షేమం' బాగా వచ్చింది. 'పక్క'కు వత్తు కూడా సరిగా ఇచ్చావు.

నువ్వు అడిగినదానికి జవాబు. తలుపు మీద ఉన్న నంబరు అందరి కళ్లకూ కనిపించే నంబరు. నేను దానినే రాశాను. మా ఆయన గార్డు ఉద్యోగంలో చేరి ఆరో నంబరు ఇంటికి వచ్చింది 1921లో. నీ ఉత్తరం చూసి మా రసీదులన్నీ తీశాను. అన్నింట్లోనూ ఆరు. తలుపు మీదా ఆరే. పదకొండు ఇళ్ల వరసలో నడిమి ఇల్లు ఏ పక్క నుంచి లెక్క పెట్టినా ఆరే అవుతుంది. కనుక రెండు నంబర్ల మాట నా చెవిన పడలేదు. పడలేదు కనుక లేదని నేను అనడం లేదు. ముప్పై నాలుగేళ్లలో ఈ లైనులో ఒక్కరు కూడా నాతో ఆ మాట అనకపోవడం మాత్రం వింతగా ఉంది.

ఆఫీసువాళ్లు గుడ్డివాళ్లు కారు. కూలిన కప్పుకూ నిలిచిన కప్పుకూ తేడా వాళ్లకు తెలుస్తుంది. నువ్వు మదార్ బీకి పాలు, పప్పు సరిగా పడుతున్నాయా లేదా చూసుకో.

రేపు పొద్దుటి ప్యాసింజరుకు నేను జంక్షనుకు వెళ్తున్నాను. దవడ పన్ను ఒకటి సలుపుతున్నది.

రామలక్ష్మమ్మ.

~

కర్నూలు,
12-6-1955.

అక్కకు సలాం.

నీ పన్ను పోటు తగ్గిందా? నోట్లో ఉన్నదే ఏడెనిమిది. వాటికోసం రైలెక్కి జంక్షను దాకా పోయినావంటే మదార్ బీ మంచం మీద నుంచే నవ్వింది. "పెద్దమ్మ పన్ను పీకే డాక్టరును కూడా ఎక్కాలు అడిగింటాది లేమ్మా" అంటుంది.

మదార్ బీ కాళ్లు వాచినాయి. డాక్టరమ్మ ఉప్పు మానమనింది. రాత్రిళ్లు నా చెయ్యి పట్టుకొని, "మన ఇంటికి ఎప్పుడు పోదాం" అని ఒకటే అడుగుతుంది. పెండ్లయి ఆరేండ్లు, రెండు పోయినాయి, ఇది మూడోది. రాళ్లదిన్నెలో కాన్పు చేసి ఉంటే ఆ రెండూ నిలిచేవని దాని నమ్మకం. నిజమో కాదో ఆ అల్లాకే తెలుసు. అది అట్లా అనుకొని ధైర్యంగా ఉందంటే నాకు చాలు. ముందర గదిలో రంగు అద్దాల కిటికీ కింద మంచం వేస్తానని మాటిచ్చినా.

నా ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పినావో లేదో నాకు అర్థం కాలేదు. జాబు మూడుసార్లు చదివినా. అల్లుడు కూడా చదివి, "టీచరమ్మ వాక్యాలు బాగుండాయి గానీ, ఏం చెప్పినట్టు?" అన్నాడు. అందుకని నీకు తేలికయ్యేటట్టు అడుగుతా. రైల్వే మనుషులు ఎవరన్నా మా ఇంటి తట్టు వచ్చినారా? వచ్చినారు అనో, రాలేదు అనో ఒక్క మాట రాయి.

దౌలత్.

~

రాళ్లదిన్నె స్టేషన్,
26-6-1955.

దౌలత్ బీకి,

వచ్చారు. పోయారు.

ఇక్కడ వాన జాడ లేదు. ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం దగ్గర మన ఆడవాళ్ల బిందెలు నలభై దాకా వరసలో ఉంటున్నాయి. నీ కోడిపిల్లలు తొమ్మిదింటిలో ఒకటి గద్ద పాలయింది, ఎనిమిది ఉన్నాయి. మీ వసారా నేనే ఊడుస్తున్నాను. పంటి విషయమై ఇప్పటికి మూడుసార్లు జంక్షనుకు వెళ్లాను. ఇంకా తేలలేదు.

వేసవి సెలవుల్లో నా కూతురి పిల్లలు వచ్చి పోయిన వారమే వెళ్లారు. పెద్దదానికి పన్నెండో ఎక్కం రాదు. రాదని ఒప్పుకోదు. ఎవరి పోలికో.

నువ్వు నెమ్మదిగా ఉండు. ఇక్కడ నేను ఉన్నాను.

రామలక్ష్మమ్మ.

~

కర్నూలు,
17-7-1955.

అక్కా,

నిన్న పెద్దాసుపత్రికి కంటి పొర చూపించుకోను ఈరక్క వచ్చింది. దారి అడుక్కుంటూ మా గదికి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, ఆమె అన్న మొదటి మాట ఇది: "ఏం దౌలతమ్మా, ఇల్లు ఇడ్సిపెట్టినావంటనే?"

"ఎవరు చెప్పినారు?" అంటి.

"ఒగరు చెప్పేదేంది? తలుపుకు కాయితం అంటిచ్చి నెల కావస్తాండాది."

"ఏం కాయితం ఈరక్కా?"

"నాకు సదువొస్తాదా? అంటిచ్చి వాళ్లట్ల పోయినారు, టీచరమ్మ ఇట్లొచ్చి పీక్కొని పాయె. నీకు పంపిచ్చిందిలే అనుకుంటి. పంపీలేదా?"

అల్లుడు ఎవరినో పట్టుకొని అట్లాంటి నోటీసుల్లో ఏముంటుందో కనుక్కొచ్చినాడు. ఇంట్లో ఉండేవాళ్లు ముప్పై రోజుల లోపల రాసి ఇస్తేనే వింటారంట. ఈరక్క లెక్క ప్రకారం ఈ బుధవారానికి ముప్పై. నేడు ఆదివారం. మదార్ బీకి నొప్పులు ఎప్పుడు మొదలవుతాయో తెలీదు, దాన్ని విడిచి నేను బండి ఎక్కలేను. అల్లుడికి సెలవు ఇవ్వరు. ఆ ఇంట్లో ఉండేదాన్ని నేనే, కాన్పుకు వచ్చినా అని రాసి రేపు రిజిస్టరు పోస్టులో పంపుతా. అందేసరికి ఏ రోజవుతుందో.

నా తలుపు మీద అంటించిన కాగితం అది. నీది కాదు. అది నీ దగ్గర నెల రోజులు ఎందుకు ఉంది? ఆ నెల రోజుల్లో నువ్వు నాకు ఒక జాబు రాసినావు. దాంట్లో కోడిపిల్లల లెక్క ఉంది.

నీ పన్ను నొప్పి నిజమేనా?

దౌలత్.

~

రాళ్లదిన్నె స్టేషన్,
23-7-1955.

దౌలత్ బీకి,

పన్ను నొప్పి నిజం కాదు.

జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. నీ మొదటి ఉత్తరం అందగానే నాకు సంగతి అర్థమయింది. మర్నాడే జంక్షనుకు వెళ్లాను. ఇంజనీరు ఆఫీసులో గుమాస్తా బసవన్న. గుర్తుందా, ఆలూరు వైపు నుంచి వచ్చిన పాయింట్స్‌మన్ కొడుకు. నా దగ్గర ఐదో తరగతి దాకా చదివాడు. లేచి కుర్చీ వేశాడు. అర్జీ తీసి నా ముందు పెట్టాడు.

"మీ చేతిరాతే గదమ్మా. ముత్యాల మాదిరి ఉండాది. నాలుగు అని రాసినారు."

"అది తలుపు మీది నాలుగు నాయనా."

"తలుపులు మాకెట్ల తెలుస్తాయి టీచరమ్మా? మా రిజిస్టరులో నాలుగంటే మద్రాసు పక్క నుంచి నాలుగు."

"ఆ ఇంటి కప్పు భేషుగ్గా ఉంది. మీ మనిషి చూడలేదా?"

"చూసొచ్చినాడు. తాళమేసుండాది, మనుషులు లేరు అని రాసినాడు. మీరూ అదే రాసినారు గదా."

"కప్పు కూలిందని కూడా రాశాను. అది కనబడలేదా?"

"లోపల కూలిందేమోలే అనుకున్నాడంట."

ఆ జవాబు విని నాకు ఒళ్లు మండిపోయింది. మీ నంబర్లు తలకిందులుగా ఉన్నాయి, ముందు వాటిని సరిచేసుకోండి అన్నాను. రెండోసారి పై అధికారిని చూశాను. పదకొండు ఇళ్ల పటం గీసి, రెండు నంబర్లూ వేసి, ఏది ఏదో రంగు పెన్సిలుతో చూపాను. ఆయన పటం బాగుందని మెచ్చుకొని, రిజిస్టరు 1887 నుంచి అట్లాగే ఉంది, మీ అర్జీ కోసం మార్చలేము అన్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన క్యాంపులో ఉన్నాడు. ఆరు గంటలు బెంచీ మీద కూర్చొని వచ్చాను. ఆ మధ్యలోనే జూన్ ఇరవైన నోటీసు అంటించారు. నీకు తెలిసేలోగా నేనే సరిచేస్తానని దాన్ని తీసి దాచాను. కూతురు ఆ స్థితిలో ఉండగా నిన్ను బెదరగొట్టడం ఎందుకనుకున్నాను. ఇదీ నిజమే, కాని ఇది ఒక్కటే కారణమని రాస్తే అబద్ధమవుతుంది.

నీ రిజిస్టరు ఉత్తరం ఆఫీసుకు ఇరవై ఒకటిన అందింది. ఒక రోజు ఆలస్యం. తీసుకున్నారు గాని, అర్జీ రాసిన మనిషే తప్పు రాశానని ఇస్తే తప్ప ఫైలు కదలదని బసవన్న అంటున్నాడు. ఆ మాట వాడు మొదటి నాడే అన్నాడు. జూలై తొమ్మిదిన నేను ఒక కాగితం ఇచ్చాను: "ఇంటి నంబరు విషయమున పొరపాటు జరిగినది." దాని మీద వాళ్లు ఇంకొక ప్రశ్న పంపారు. జవాబు ఇస్తాను.

పొరపాటు జరిగింది, దౌలత్. నీకూ ఆ మాటే చెబుతున్నాను.

రామలక్ష్మమ్మ.

~

కర్నూలు,
28-7-1955.

అక్కా,

ఇరవై ఐదున తెల్లవారుజామున మదార్ బీకి ఆడపిల్ల. నాలుగు పౌన్లు ఉందంట. తల్లి నీరసంగా ఉంది, బతికింది. ఎల్లుండి బక్రీదు. ఇంట్లో ఎవరికీ పండుగ మీద ధ్యాస లేదు.

నీ జాబు చదివినా. వాన జరుగుతుంది. పెండ్లి జరుగుతుంది. పొరపాటు జరుగుతుందా? ఎవరో చేస్తే కదా?

అక్షరాలు దిద్దేటప్పుడు నేను సున్నా వదిలితే, "సున్నా పోయింది అనవద్దు, వదిలేసినాను అను" అని నా వేళ్ల మీద కొట్టినావు. ఇంత వయసుదాన్నని కూడా చూడలేదు. నాకు కోపం రాలేదు, టీచరమ్మ అంటే అట్లా ఉండాల అనుకున్నా.

రెండు నంబర్ల సంగతి లైనులో ఎవరూ నీకు చెప్పలేదని వింతగా ఉంది అన్నావు. ఎవరు చెప్తారు? నీతో మాట్లాడాలంటే ముందు మాట సరి చూసుకోవాల. తప్పొస్తే దిద్దుతావు. ఈరక్క నిన్ను చూస్తే ఇప్పటికీ కొంగు సర్దుకొంటుంది. నీకు తెలియదని కూడా మాకు తెలియదు. నీకన్నీ తెలుసు అనుకొని బతికినాము.

వాళ్లు అడిగిన ప్రశ్న ఏందో నువ్వు రాయలేదు. అడగను. ఇల్లు ఉందా, లేదా, అది మాత్రం రాయి.

దౌలత్.

~

రాళ్లదిన్నె స్టేషన్,
9-8-1955.

దౌలత్,

ఇల్లు ఉంది. సగం ఉంది.

వాళ్లు పంపిన ప్రశ్న రెండు మాటలు. నా కాగితం మీదనే, 'పొరపాటు జరిగినది' కింద ఎర్ర సిరాతో గీత గీసి, "ఎవరి వలన?" అని రాశారు. అది జూలై ఇరవై రెండున నాకు అందింది. జవాబు నాకు తెలుసు. కాగితం, కలం ముందు పెట్టుకొని రోజూ కూర్చున్నాను. "రిజిస్టరులోని నంబర్ల వలన" అని ఒకనాడు, "ఇరువైపుల అవగాహన లేనందువలన" అని ఒకనాడు రాశాను. చించాను. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల పలకల మీద తప్పులకు సున్నా చుట్టిన చెయ్యి ఇది. తన తప్పుకు సున్నా చుట్టడం దానికి అలవాటు లేదు.

నీ ఉత్తరం ఆగస్టు ఒకటిన వచ్చింది. రెండున జంక్షనుకు వెళ్లాను. బసవన్న ఎదుటనే రాద్దామని కూర్చొని, మళ్లీ "పొరపాటు జరిగినందులకు" అని మొదలుపెట్టాను. వాడు బల్ల అవతల నుంచి వంగి చూసి, చాలా మెల్లగా అన్నాడు.

"టీచరమ్మా, కర్త యాడుండాడు?"

నేను తల ఎత్తి చూశాను.

"ఐదో తరగతిలో నాతో యాభై సార్లు రాయించినారు. కర్త లేకుండా క్రియ ఉండదు అని. ఈడ కూడా అంతే తల్లీ. కర్త లేకుంటే పైన సంతకం పెట్టరు."

వెటకారం కాదు, దౌలత్. వాడి కళ్లలో నీళ్లు ఉన్నాయి. వాడు నన్ను వెక్కిరించి ఉంటే నాకు తేలికయ్యేది.

రాశాను. "నేను పొరపాటు చేసినాను. ఏ వైపు నుంచి నాలుగో ఇల్లో నేను వ్రాయలేదు. ఎవరినీ అడగలేదు. అందులో కాపురమున్న దౌలత్ బీకి ఇందులో ఏ తప్పూ లేదు. నోటీసు ఆమెకు చేరకుండా దాచినది కూడా నేనే." మొదటి అర్జీ కంటే ఒక్క వాక్యమే ఎక్కువ. రాయడానికి మాత్రం రెండు బండ్లు తప్పిపోయాయి.

మూడు రోజులకు ఆపమని ఆర్డరు వచ్చింది. కాని మేస్త్రీ పుల్లయ్య మూడో తేదీ పొద్దుటికే మనుషులను దించాడు. నేను వెళ్లి వాకిట్లో నిలబడి, కాగితం రాసి ఇచ్చాను, ఆపు అన్నాను. "ఆపమని నాకు కాయితం రాలేదమ్మా. వచ్చేదాకా పెంకులు దించేదే నా పని. పక్కకు జరగండి, దుమ్ము పడతాది," అన్నాడు. అంతే మర్యాదగా పెంకులు దించాడు. రెండు రోజులు దించాడు. ఐదున ఆర్డరు చూపాను. అప్పుడు అంతే మర్యాదగా ఆగిపోయాడు.

ముందర గది మీద పెంకు లేదు. రంగు అద్దాల కిటికీ చట్రంతో సహా ఊడదీశారు, అందులో రెండు అద్దాలు పగిలాయి. వసారా ఇనుప స్తంభాలు నాలుగింటిలో ఒకటి విరిగింది. వెనక గది, వంటిల్లు చెక్కు చెదరలేదు. నీ సామాను మొత్తం వెనక గదిలోకి నేనూ ఈరక్కా చేర్చాం. దారి ఇప్పుడు ఆ పాడు కొంప మీదుగా పోతుంది. విప్పిన కప్పు మళ్లీ వేయడం తమ పని కాదని ఆఫీసువాళ్లు అంటున్నారు. దాని మీద రాస్తూనే ఉన్నాను. ప్రస్తుతానికి గూడ్సు షెడ్డు నుంచి టార్పాలిన్ తెచ్చి కట్టించాను.

ఇరవై రెండున వచ్చిన ప్రశ్నకు ఇరవై మూడున జవాబు పంపి ఉంటే నీ ముందర గది నిలిచేది. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నావి.

ఇళ్లు మార్చుకోవడానికి ఒక ఫారం ఉందని బసవన్న చెప్పాడు. దీనితో పంపుతున్నాను. నేను సంతకం చేశాను. ఇంటూ గుర్తు పెట్టిన చోట నువ్వు కూడా చేస్తే, ఆరో నంబరు నీ పేరు మీదికి వస్తుంది, నీ ఇల్లు నా పేరు మీదికి వస్తుంది. మా ఇంటి ముందర గదికి కప్పు బాగుంది. పసిబిడ్డను తీసుకొని అక్కడికి రా. టార్పాలిన్ కింద నేను ఉంటాను. ఇది దయ అనుకోకు. తప్పుకు దిద్దుబాటు.

రామలక్ష్మమ్మ.

~

కర్నూలు,
20-8-1955.

అక్కా,

ఫారం తిరిగి పంపుతున్నా. సంతకం చేయలేదు.

మదార్ బీ చేయమనింది. అల్లుడు కూడా, "మంచి ఇల్లు ఇస్తానంటే వద్దంటారా అత్తా" అన్నాడు. రెండు రోజులు ఆలోచించినా. నీ ఇల్లు నాకొద్దు. నువ్వు దిద్దినావు, బాగుంది. కానీ నా ఇంట్లో నువ్వు టార్పాలిన్ కింద పడుకొని, నేను నీ ఇంట్లో కప్పు చూసుకుంటూ పడుకుంటే, లైనులో అందరూ నిన్నే మెచ్చుకొంటారు. టీచరమ్మ ఎంత గొప్పది అంటారు. నా ఇల్లు విప్పినారన్న సంగతి మరిచిపోతారు. మరిచిపోకూడదు. ఇంకొకటి, పలకలో తప్పు తుడిచి ఒప్పు రాయచ్చు. ఇది పలక కాదు.

గురువారం ప్యాసింజరుకు వస్తున్నా. మదార్ బీ, పసిది కూడా. మదార్ బీకి రంగు అద్దాల కిటికీ ఉంటుందని చెప్పి చెప్పి కాన్పు దాకా తెచ్చినా, కప్పు సంగతి చెప్పినా గానీ ఆ కిటికీ కూడా లేదని ఇంకా చెప్పలేదు. చూడు, నేను కూడా దాస్తాండా. నీ మీద కోపం వచ్చినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది, గుర్తొచ్చి ఇంకా కోపం వస్తుంది.

వెనక గది చాలు మాకు. వాన రాకముందు కప్పు వేసేటట్టు ఆ ఆఫీసుకు నువ్వు రాస్తూనే ఉండు. ఈసారి రాసేముందు నాకు చదివి వినిపించు. ఈరక్కకూ వినిపించు. ఏ పక్క నుంచి అన్నది మేము చెప్తాం.

స్టేషనుకు రావద్దు. తాళంచెవి ఈరక్క చేతికి ఇవ్వు. ఇల్లు నేను ఒక్కదాన్నే చూసుకోవాల. నువ్వు పక్కన నిలబడి ఏది పోయింది, ఏది మిగిలింది అని చెప్పుకుంటూ పోతే నాకు ఏడుపు రాదు.

రెండిండ్ల అవతలే కదా, పసిది ఏడిస్తే నీకు వినిపిస్తుంది. వినిపించినా రావద్దు. నాకు నీతో మాట్లాడాలనిపించిన రోజు నేనే పిలుస్తా. అది ఎన్ని రోజులకో నాకే తెలీదు.

లెక్క పెట్టుకోవద్దు.

దౌలత్.